తోకచుక్క నీటిని గీతలో తూచడం: సౌర పవనంలో అయాన్ అలలను పట్టుకునే పద్ధతి

కాశీనగర్ నుంచి మా ఇంటికి ఫిజిక్స్ ట్యూషన్‌కి వచ్చే డిగ్రీ అమ్మాయి ఒక సాయంత్రం నా లాప్‌టాప్ తెర మీది వంకర గీతను చూసి అడిగింది: "మాస్టారూ, ఇది అయస్కాంత క్షేత్రం గీత కదా. దీన్ని చూసి తోకచుక్క నుంచి నీళ్లు వస్తున్నాయని ఎలా చెప్పేస్తారండీ? గీతకి బరువు తెలుస్తుందా?"

తెలుస్తుంది. గీత ఎన్ని సెకన్లకోసారి ఊగుతోందో కొలిస్తే, దాన్ని ఊపిన అయాన్ (ఎలక్ట్రాన్ పోయి ఆవేశం వచ్చిన అణువు లేదా పరమాణువు) బరువెంతో చెప్పొచ్చు. ఒక గుణకారం, ఒక భాగహారం, అంతే. నిజానికి తోకచుక్కల దగ్గరికి వెళ్లిన గియొట్టో, రొసెట్టా నౌకల్లో మాస్ స్పెక్ట్రోమీటర్ అనే అసలు త్రాసే ఉంది. కానీ ఆ లెక్కలు మనలాంటివాళ్ల చేతికి అంత సులువుగా లొంగవు. అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోమీటర్ ఫైలైతే ఎక్సెల్‌లో కూడా తెరుచుకుంటుంది. మా పర్లాకిమిడిలో బడి పుస్తకం ఒడియాలో, కాలేజీ పుస్తకం ఇంగ్లీషులో ఉంటాయి, అనుమానం మాత్రం తెలుగులో వస్తుంది. అందుకే ఆ రోజు బోర్డు మీద చెప్పిందంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

దీనికి కావలసినవి ఓ మామూలు లాప్‌టాప్, నెట్, ఎక్సెల్ లేదా పైథాన్, నాలుగు గ్రాఫ్ కాగితాలు, ఒక పెన్సిల్. చదువు మాటకొస్తే, అయస్కాంత క్షేత్రంలో విద్యుదావేశం గుండ్రంగా తిరుగుతుందన్న ఇంటర్ పాఠం గుర్తుంటే చాలు. ఒక్క నియమం మాత్రం నా దగ్గర గట్టిగా ఉంటుంది: ముందు అంకె, తరవాతే గీత. ఎన్ని సెకన్ల అల రావాలో కాగితం మీద వేసుకున్నాకే ఫైలు తెరవాలి. ముందే గీత చూస్తే, మనకి కావలసిన అల అందులో ఎక్కడో ఒకచోట కనబడకుండా పోదు.

మొదటి మెట్టు: అయాన్ ఎక్కడ పుడుతుందో తెలుసుకోండి

తోకచుక్క సూర్యుడికి దగ్గరయ్యేకొద్దీ దాని మంచు ఆవిరై పైకి లేస్తుంది. ఆ నీటి అణువులు సెకనుకి సుమారు ఒక కిలోమీటరు వేగంతో బయటికి పోతాయి. వాటికి ఆవేశం లేదు కాబట్టి అయస్కాంత క్షేత్రంతో పనీ లేదు. భూమి దూరంలో ఉంటే, సూర్యుడి అతినీలలోహిత కిరణాలు తగిలి అందులోంచి ఎలక్ట్రాన్ ఊడిపోవడానికి సగటున పది లక్షల సెకన్లు పడుతుంది, అంటే పదకొండున్నర రోజులు. సెకనుకి ఒక కిలోమీటరు, పది లక్షల సెకన్లు. తోకచుక్క కేంద్రకం పట్టుమని పది కిలోమీటర్లు లేకపోయినా, దాని అయాన్లు పది లక్షల కిలోమీటర్ల అవతల కూడా పుడుతుంటాయి. మనం వెతికే అలలు తోకలో మాత్రమే ఉంటాయనుకోవద్దు. తల ముందు, చాలా ముందు కూడా ఉంటాయి.

రెండో మెట్టు: చిన్న రైలు ఎక్కించండి

బ్రాడ్ గేజ్ రాకముందు నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపూర్‌కి చిన్న రైలు నడిచేది. అది ఎంత నెమ్మదంటే, పట్టాల పక్కన నిలబడ్డవాడు కడ్డీ పట్టుకుని ఎక్కేసేవాడు. పట్టుకున్న క్షణంలో మనిషి ఒక్క ఊపు ఊగుతాడు, తరవాత రైలు వేగంలో కలిసిపోతాడు. సంత రోజున అలా ఎక్కినవాళ్లూ వాళ్ల గంపలూ ఎక్కువైతే రైలే ఇంకాస్త మెల్లగిల్లేది.

సౌర పవనానిదీ, అంటే సూర్యుడి నుంచి ఎడతెగకుండా వీచే ఆవేశిత కణాల గాలిదీ ఇదే కథ, కాకపోతే ఆ రైలు వేగం సెకనుకి 400 కిలోమీటర్లు. అది తనతోపాటు సూర్యుడి అయస్కాంత క్షేత్రాన్ని కూడా లాక్కొస్తుంది. భూమి దూరంలో ఆ క్షేత్రం సుమారు 5 నానోటెస్లాలు ఉంటుంది. నీటి అణువు ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న మరుక్షణం ఆ క్షేత్రం దాన్ని పట్టేసుకుంటుంది. ఈ ఎక్కించుకోవడాన్నే పికప్ అంటారు. ఎక్కిన బరువుకి గాలి మందగించడాన్ని మాస్ లోడింగ్ అంటారు. తోకచుక్కల తోకలు ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కుకే ఎందుకు పోతాయా అని ఆలోచించి, సూర్యుడి నుంచి కణాలు ఎడతెగకుండా వస్తుండాలని 1951లో లుడ్విగ్ బియర్మన్ ఊహించాడు. అప్పటికింకా ఒక్క నౌకా ఆకాశంలోకి పోలేదు.

పట్టుబడ్డ అయాన్ నడక చూడాలంటే సైకిల్ చాలు. టైరు మీద సుద్దతో చుక్క పెట్టి గోడ పక్కన నడిపించండి. నేలను తాకినప్పుడు చుక్క క్షణం ఆగుతుంది, పైకి వెళ్లినప్పుడు సైకిల్‌కి రెట్టింపు వేగంతో పరుగెడుతుంది. క్షేత్రం గాలికి అడ్డంగా ఉంటే కొత్త అయాన్ సరిగ్గా అలాగే కదులుతుంది: సున్నా నుంచి సెకనుకి 800 కిలోమీటర్లు, మళ్లీ సున్నా. 400 కిలోమీటర్ల వేగం దగ్గర నీటి అయాన్ శక్తి 15 కిలో ఎలక్ట్రాన్ వోల్టులైతే, చక్రం పైకొసన అది నాలుగు రెట్లు, 60. సంత రైలు ఎక్కినవాడికి దొరికే ఊపు అదీ.

మూడో మెట్టు: అంకె వేసుకోండి

అయాన్ ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలం దాని వేగం మీద ఆధారపడదు. బరువు, క్షేత్రం, ఈ రెండే కావాలి. నోటికి పట్టే సూత్రం ఇదీ: అయాన్ ద్రవ్యరాశిని 65తో గుణించి, క్షేత్రాన్ని నానోటెస్లాల్లో తీసుకుని దానితో భాగించండి. వచ్చేది సెకన్లు. ఒక్క ఎలక్ట్రాన్ పోయిన అయాన్లకి ఇది సరిపోతుంది.

5 నానోటెస్లాల క్షేత్రంలో ప్రోటాన్‌కి 13 సెకన్లు. నీటికి 18ని 65తో గుణిస్తే 1170, ఐదుతో భాగిస్తే 234 సెకన్లు, దాదాపు నాలుగు నిమిషాలు. కార్బన్ డయాక్సైడ్‌కి 44తో వేస్తే 572. చూశారుగా, ఒకే గాలిలో మూడు అయాన్లకి మూడు వేర్వేరు తాళాలు. త్రాసు ఇక్కడే ఉంది. క్షేత్రం రెట్టింపైతే ఈ కాలాలన్నీ సగమవుతాయి. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పని పడుతుంది.

అదే చేత్తో చుట్టు ఎంత పెద్దదో కూడా వేసుకోండి. వేగాన్ని ఆ కాలంతో గుణించి 6.28తో భాగిస్తే వ్యాసార్ధం వస్తుంది. 400 ఇంటూ 234 బై 6.28 అంటే దగ్గర దగ్గర 15 వేల కిలోమీటర్లు. భూమి మొత్తం వ్యాసమే 12,742 కిలోమీటర్లు.

ఇక అలలు ఎందుకు పుడతాయి? కొత్త అయాన్లన్నీ గాలితో పోలిస్తే ఒకే వేగంతో, ఒకే కోణంలో ఉంటాయి. క్షేత్రం గాలికి అడ్డంగా ఉంటే అవి ఉంగరంలా తిరుగుతాయి. క్షేత్రం గాలి వెంబడే ఉంటే ఉంగరం ఉండదు, అయాన్లన్నీ ఒక పుంజంలా గాలికి ఎదురుగా దూసుకుపోతున్నట్టు ఉంటుంది. భూమి దూరంలో క్షేత్రం సగటున 45 డిగ్రీల వాలులో ఉంటుంది కాబట్టి మామూలుగా దొరికేది రెండూ కలిసిన రూపం. ఇంతమంది ఒకే క్రమంలో నడవడం ప్రకృతికి నచ్చదు. ఆ మిగులు శక్తి అయస్కాంత క్షేత్రాన్ని ఊపుతుంది, ఆ ఊపు తిరిగి అయాన్లను చెదరగొడుతుంది. చివరికి ఉంగరం కాస్తా గుల్ల బంతి అవుతుంది. మనం ఫైల్లో చూసేది ఈ చెదరగొట్టే ఊపునే.

నాలుగో మెట్టు: ఏటి ఒడ్డున నిలబడండి

మా పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే, అందుకని కాస్త ఆగి చెబుతాను. అల గాలిలో పుట్టింది, గాలి సెకనుకి 400 కిలోమీటర్లు పోతోంది, మరి నౌక కొలిచే కాలం అయాన్ తిరిగే కాలంతో ఎలా సరిపోతుంది? అల పుట్టిన గాలి కదులుతుంటే దాని కాలం మారి కనబడే డాప్లర్ ప్రభావం వల్ల మారిపోవాలి కదా?

వరద రోజుల్లో మహేంద్రతనయ ఒడ్డున నిలబడ్డట్టు ఊహించుకోండి. అవతల పాతపట్నం, ఇవతల మనం. నీటి మీద అలలు మన ముందు నుంచి పోతున్నాయి. ఒకడు ఏటి మధ్య రాయి మీద నిలబడి ఉన్నాడు. వాడి కాలికి అల ఎన్ని సెకన్లకోసారి తగులుతోందో, ఒడ్డున ఉన్న మనకీ అంతే లెక్క వస్తుంది, ఎందుకంటే వాడూ కదలట్లేదు, మనమూ కదలట్లేదు. కదిలేది నీరొక్కటే.

కొత్తగా పుట్టిన అయాన్ ఆ రాయి మీది మనిషి. తోకచుక్కతో పోలిస్తే దాని వేగం సెకనుకి ఒక కిలోమీటరు, 400 ముందు అదేం లెక్క? అల తన చుట్టుతో తాళం కలిసి తగిలినప్పుడే అయాన్ దానికి శక్తి ఇవ్వగలదు. ఉయ్యాల ఊపేవాడు సరైన సమయంలో తోస్తేనే ఊపు పెరిగినట్టు. అంటే ఏ అల అయాన్‌కి సరిగ్గా దాని చుట్టు కాలంలో తగులుతుందో ఆ అలే పెరుగుతుంది. నౌక కూడా ఇంచుమించు అదే ఒడ్డున ఉంది కాబట్టి దానికీ ఆ కాలమే కనబడుతుంది. డాప్లర్ మార్పు జరగకపోలేదు, అది తాళంలోనే కలిసిపోయింది. అలల పొడవు కావాలంటే గాలి వేగాన్ని కాలంతో గుణించండి: 400 ఇంటూ 234, అంటే 94 వేల కిలోమీటర్ల దాకా. ఏడు భూములు వరసగా పేర్చినంత పొడవు.

ఇంకో తమాషా ఉంది. గాలితో పోలిస్తే ఈ అలలు సూర్యుడి వైపు ఈదుతుంటాయి. కానీ వాటి వేగం సెకనుకి 40, 50 కిలోమీటర్లే. వరదకి ఎదురు తెడ్డు వేసే నాటు పడవలా, ఎంత ఈదినా కిందికే కొట్టుకొస్తాయి. దానివల్ల గాలిలో కుడిచేతి వాటంగా తిరిగే అల, నౌకకి ఎడమచేతి వాటంగా కనబడుతుంది. దీన్ని ఏడో మెట్టులో చేత్తో గీసి చూస్తాం.

ఐదో మెట్టు: తోకచుక్కను ఎంచుకోండి

అందరూ ముందు హేలీ అంటారు, లేదా రొసెట్టా అంటారు. నా సలహా వేరు.

మొదట గ్రిగ్-స్కెలరప్ తీసుకోండి. 1992 జూలై 10న గియొట్టో దాని పక్కనుంచి, సుమారు 200 కిలోమీటర్ల దూరంలో పోయింది. హేలీ ధూళి దెబ్బకి నౌక కెమెరా అప్పటికే గుడ్డిదైపోయింది గానీ మాగ్నెటోమీటర్‌కి ఏమీ కాలేదు. ఆ తోకచుక్క నుంచి వచ్చే నీరు హేలీలో వందో వంతే. ఎక్కినవాళ్లు తక్కువ కాబట్టి తొక్కిసలాట లేదు, అలలు పొందిగ్గా, పాఠ్యపుస్తకంలో గీసినట్టు ఉంటాయి. పైగా నౌక, తోకచుక్కల మధ్య వేగం సెకనుకి 14 కిలోమీటర్లే, అంటే నౌక దాదాపు ఒడ్డునే ఉంది.

రెండోది జకోబిని-జిన్నర్. 1978 ఆగస్టు 12న సౌర పవనం కోసం ఎగిరిన ఐసీ-3 నౌకను చంద్రుడి చుట్టూ తిప్పి తిప్పి దారి మళ్లించి, ఐస్ అని పేరు మార్చి, 1985 సెప్టెంబర్ 11న ఆ తోకచుక్క తోకలోంచి, కేంద్రకానికి సుమారు 7,800 కిలోమీటర్ల దూరంలో పంపారు. తోకచుక్క దగ్గరికి వెళ్లిన మొదటి నౌక అదే. అందులో కెమెరా లేదు, అయినా ఈ విషయానికి అసలు పునాది వేసింది ఆ ప్రయాణమే. వంద సెకన్ల కాలంతో పెద్ద పెద్ద అలలు దొరికాయి. ఊపు ఎంతంటే, క్షేత్రం ఎంత ఉందో అందులో వచ్చే మార్పూ దాదాపు అంతే. అంత పెద్ద అలలు గుండ్రంగా ఉండవు. ఒడ్డు దగ్గర విరగబోయే కెరటంలా ఒక పక్క నిట్టనిలువుగా లేస్తాయి, ఆ అంచు ముందు సన్నని, వేగమైన చిన్న అలల గుత్తి కనిపిస్తుంది. గోపాల్‌పూర్ సముద్రం చూసినవాళ్లకి ఈ ఆకారం వేరే చెప్పక్కర్లేదు.

హేలీ మూడోది. 1986 మార్చి 14న గియొట్టో 596 కిలోమీటర్ల దగ్గరిదాకా వెళ్లింది. కానీ నౌక, తోకచుక్క ఎదురెదురుగా వచ్చాయి, వాటి మధ్య వేగం 68 కిలోమీటర్లు. ఒడ్డున నిలబడ్డామన్న ఊహ ఇక్కడ కాస్త వదులవుతుంది. పైగా అలలు ఒకదానిలో ఒకటి కలిసి కలగాపులగంగా ఉంటాయి, ఒకే శిఖరం తేటగా నిలబడదు. రొసెట్టా వెళ్లిన 67పి అనే తోకచుక్కను చివర పెట్టుకోండి, కారణం అక్కడే చెబుతాను.

ఆరో మెట్టు: ఫైలు తెచ్చి, సరిచేయండి

గియొట్టో, రొసెట్టా ఫైళ్లు యూరప్ అంతరిక్ష సంస్థ వాళ్ల ప్లానెటరీ సైన్స్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. ప్రతి డేటా ఫైలుకీ ఒక లేబుల్ ఫైలు తోడుంటుంది. ముందు అది చదవండి, ఏ నిలువు వరసలో ఏముందో అందులో ఉంటుంది. మనకి కావలసింది సమయం, క్షేత్రం మూడు భాగాలు. ఖాళీలున్న చోట 9999 లాంటి అంకె పెట్టి ఉంటే దాన్ని తీసేయండి. ఎక్సెల్ దాన్ని కూడా నమ్మకంగా గీసిపెడుతుంది.

నాలుగు గీతలు ఒకదాని కింద ఒకటి వేయండి: మూడు భాగాలు, కింద మొత్తం క్షేత్రం. మొత్తం క్షేత్రం పెద్దగా మారకుండా మూడు భాగాలు మాత్రం ఊగుతుంటే శుభం, మనం వెతికే అడ్డం అల అదే అయ్యుండొచ్చు. మొత్తం కూడా ఊగుతుంటే అల గాలిని నొక్కుతోందన్నమాట. జకోబిని-జిన్నర్‌లో అలాంటివే ఎక్కువ.

తరవాత మెల్లగా మారే భాగాన్ని తీసేయాలి. చలన సగటు వేసి అసలు దాంట్లోంచి తీసేస్తే సరి. నేను బోల్తా పడింది ఇక్కడే. మొదటిసారి గీత చక్కగా కనబడాలని 30 సెకన్ల సగటు తీసేశాను. నాకు రావలసిన అల 140 సెకన్లది. మూడు రోజులు వెతికాను, అల లేదు. తోకచుక్కనే అనుమానించాను. అసలు సంగతేమిటంటే, 30 సెకన్ల సగటు 140 సెకన్ల అల వెంటే పైకీ కిందికీ నడుస్తుంది, దాన్ని తీసేస్తే అలనే తీసేసినట్టు. లెక్క వేసి చూస్తే అందులో పదో వంతు కూడా మిగల్లేదు. జల్లెడ పట్టి బియ్యం కింద పోసి రాళ్లు దాచుకున్నట్టైంది. సగటు కిటికీ ఎప్పుడూ రావలసిన కాలానికి కనీసం మూడు రెట్లు ఉండాలి. ముందు అంకె అని నేను పట్టుబట్టేది ఇందుకే, అంకె లేకపోతే కిటికీ ఎంత పెట్టాలో ఎలా తెలుస్తుంది?

అప్పట్నుంచీ ఒక అలవాటు పెట్టుకున్నాను. అసలు డేటా తాకే ముందు, నేనే ఒక దొంగ అల తయారుచేస్తాను: 140 సెకన్ల సైను గీత, దానికి కొంచెం చెత్త కలిపి. దాన్ని నా లెక్కలన్నిటిలోంచీ నడిపిస్తాను. చివర్లో 140 రాకపోతే తప్పు నా దగ్గరే.

ఏడో మెట్టు: గ్రాఫ్ కాగితం మీద తిప్పండి

కంప్యూటర్ ఒక్క క్షణంలో చేసే పనే గానీ, మొదటిసారి చేత్తో చేయమంటాను. రెండు చుట్ల కాలం ఉన్న ముక్కను తీసుకోండి. అందులో సగటు క్షేత్రం ఏ దిక్కుకుందో కనుక్కోండి. ఆ దిక్కుకి అడ్డంగా రెండు దిక్కులు ఎంచుకుని, ప్రతి కొలతనూ వాటి మీదికి దించండి. ఒకటి అడ్డం గీత, ఒకటి నిలువు గీత. పది సెకన్లకో చుక్క పెడుతూ, వరస అంకెలు వేస్తూ కలపండి.

మా అమ్మాయి నేల మీద కూర్చుని ఈ పని చేసింది. పన్నెండో చుక్కదాకా ఏమీ అర్థం కాలేదు, పిచ్చి గీతలా పోతోంది. పధ్నాలుగు దగ్గర గీత వంగింది. ఇరవై దాటేసరికి కోడిగుడ్డు ఆకారం తేలింది, ఇరవై నాలుగో చుక్క మొదటి చుక్క పక్కకి వచ్చి కూర్చుంది. "మార్గశిర గురువారాల్లో మా పక్కింటివాళ్లు ఝోటి ముగ్గు వేస్తారే, అందులో మెలికలా ఉంది మాస్టారూ" అంది. రెండో చుట్టు మొదటి దాని మీద సరిగ్గా పడలేదు, కాస్త పక్కకి జరిగింది. అలా జరగడమే మామూలు. గీత మీద గీత అచ్చుగా పడితే నౌకలోని యంత్రం ఏదైనా చప్పుడు చేస్తోందేమో చూసుకోవాలి.

ఇప్పుడు ఎడమ చేతి బొటనవేలును సగటు క్షేత్రం దిక్కుకి చాపండి. చుక్కల అంకెలు మిగతా వేళ్లు ముడుచుకునే వైపు పెరుగుతుంటే ఎడమచేతి వాటం. అయాన్ తిరిగేదీ అటే. గ్రిగ్-స్కెలరప్‌లో మీకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే.

ఎనిమిదో మెట్టు: తూచండి

స్పెక్ట్రమ్, అంటే ఏ కాలం అల ఎంత బలంగా ఉందో చూపే గీత, వేయడానికి పైథాన్‌లో ఎఫ్‌ఎఫ్‌టీ అనే లెక్క ఒక్క వరస పని, ఎక్సెల్‌లోనూ ఉంది. జాగ్రత్త పడాల్సింది డేటా పొడవు గురించి. కనీసం పది అలలైనా పట్టేంత ముక్క తీసుకోండి. 234 సెకన్ల అలకి అది 39 నిమిషాలు. అంతకన్నా తక్కువైతే శిఖరం మొద్దుబారిపోతుంది. మరీ ఎక్కువ తీసుకున్నా ఇబ్బందే, ఆ లోపల క్షేత్రమే మారిపోతే శిఖరం చెదిరిపోతుంది.

శిఖరం దగ్గరి కాలాన్ని, ఆ ముక్కలోని సగటు క్షేత్రంతో గుణించి 65తో భాగించండి. కాలం 110 సెకన్లు, క్షేత్రం 10 నానోటెస్లాలు అనుకుందాం. 1100 బై 65, దాదాపు 17. అదీ మీ అయాన్ బరువు.

పదిహేడంటే ఏమిటి, నీరు పద్ధెనిమిది కదా అని వెంటనే అడుగుతారు. ఈ త్రాసుకి అంత సన్నని ముల్లు లేదు. ఆక్సిజన్ అయాన్ 16, హైడ్రాక్సిల్ 17, నీరు 18, ఇంకో హైడ్రోజన్ అంటుకున్న నీరు 19. పదహారుకీ పద్ధెనిమిదికీ మధ్య తేడా నూటికి పన్నెండు. క్షేత్రమే అంతకన్నా ఎక్కువ ఊగుతోంది. అందుకే ఈ నలుగురినీ కలిపి వాటర్ గ్రూప్ అని ఒకే గంపలో వేస్తారు. కానీ ఈ గంపనీ ప్రోటాన్‌నీ మాత్రం ఎవరూ పొరబడలేరు, తేడా పదహారు రెట్ల పైనే.

తొమ్మిదో మెట్టు: అనుమానించండి

శిఖరం వచ్చింది కదా అని సంబరపడకుండా ఒక పరీక్ష పెట్టండి. మూడో మెట్టులో గుర్తుంచుకోమన్న మాట ఇక్కడికే. క్షేత్రం ఎక్కువగా ఉన్న ముక్క ఒకటి, తక్కువగా ఉన్నది ఒకటి తీసుకోండి. నిజమైన అయాన్ అలైతే శిఖరం క్షేత్రంతోపాటు జరగాలి. క్షేత్రం మారినా శిఖరం ఉన్నచోటే ఉంటే అది నౌకలోని చక్రమో హీటరో అయ్యుంటుంది. తోకచుక్కకి దగ్గరయ్యేకొద్దీ అల బలపడుతోందా అన్నది రెండో పరీక్ష.

తోకచుక్క లేని ఉత్త గాలి ఎలా ఉంటుందో కూడా ఓసారి చూసి ఉంచుకోవాలి. మనకి శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబర్ 2న ఎగిరిన ఆదిత్య ఎల్-1 ఉంది. దాని ఆరు మీటర్ల కడ్డీ మీద రెండు మాగ్నెటోమీటర్లు ఉన్నాయి, ఒకటి కొసన, ఒకటి మధ్యలో. నౌక సొంత క్షేత్రం దగ్గరి దానికి ఎక్కువగా, దూరం దానికి తక్కువగా తగులుతుంది కాబట్టి, రెండిటినీ పోల్చి గాలిదెంతో నౌకదెంతో విడదీస్తారు. ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే ఆ ఫైళ్లు దొరుకుతాయి.

చివరగా, సూత్రం పనిచేయని చోటు

2014 ఆగస్టులో రొసెట్టా 67పి దగ్గరికి చేరేసరికి అక్కడ క్షేత్రం రెండు నానోటెస్లాలు అనుకుని మన అంకె వేయండి. 18 ఇంటూ 65 బై 2, అంటే 585 సెకన్లు. పది నిమిషాలకో అల. కానీ మాగ్నెటోమీటర్‌లో వచ్చింది 40 మిల్లీహెర్ట్జ్ ప్రాంతంలో, అంటే 25 సెకన్లకోసారి. ఇరవై మూడు రెట్ల తేడా. దీన్ని మన సూత్రంలో పెట్టి తూస్తే బరువు ఒకటి కన్నా తక్కువ వస్తుంది, అంత తేలికైన అయాన్ ఈ లోకంలో లేదు. అంకె ముందే వేసుకున్నవాడికే ఇది వింతగా తోస్తుంది.

జరిగిందేమిటంటే, ఆ రోజుల్లో తోకచుక్క సూర్యుడికి భూమి కన్నా మూడున్నర రెట్లు దూరంలో ఉంది, ఆవిరి తక్కువ. అయాన్ చుట్టు వ్యాసార్ధం వేయండి: 400 ఇంటూ 585 బై 6.28, ముప్ఫై ఏడు వేల కిలోమీటర్లు. నౌక కొలుస్తున్నది తోకచుక్కకి వంద కిలోమీటర్ల చుట్టుపక్కల. చుట్టులో అది ఏ మూలకీ రాదు. అక్కడ అయాన్ ఇంకా తిరగడమే మొదలెట్టలేదు, కడ్డీ పట్టుకుని పక్కకి లాగబడుతున్న క్షణంలోనే ఉంది. అలా అయాన్లన్నీ ఒకే పక్కకి జరగడం ఒక విద్యుత్ ప్రవాహం, ఆ ప్రవాహమే నిలకడ తప్పి అలలు పుట్టించిందన్నది శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన వివరణ. దీనికి ముందు చరిత్రలో ఒక చుట్టం ఉంది. 1984 డిసెంబర్ 27న ఆంప్టీ ప్రయోగంలో సౌర పవనంలోకి బేరియం ఆవిరి వదిలి కృత్రిమ తోకచుక్కను చేశారు. బేరియం ద్రవ్యరాశి 137. చుట్టు పూర్తి కావడానికి ఎంత కాలం కావాలో మీరే వేసుకోండి, ఆ మేఘమేమో నిమిషాల్లో చెదిరిపోయింది.

67పి అలలను వినాలంటే పని తేలిక. రొసెట్టా మామూలుగా సెకనుకి ఒక కొలత తీస్తుంది. ఆ అంకెల వరసనే ఆడియో ఫైలుగా, సెకనుకి పది వేల అంకెల చొప్పున రాయండి. పది వేల రెట్లు వేగం పెరిగి 40 మిల్లీహెర్ట్జ్ కాస్తా 400 హెర్ట్జ్ అవుతుంది. ఒక రోజు డేటా ఎనిమిదిన్నర సెకన్లలో అయిపోతుంది. 2014 నవంబర్‌లో 'పాడే తోకచుక్క' అని లోకమంతా విన్నది దీన్నే, కాకపోతే దానికి ఒక జర్మన్ సంగీతకారుడు మెరుగులు దిద్దాడు. నేను చేసినదాంట్లో మెరుగులేమీ లేవు. కరెంటు పోయిన ఓ రాత్రి లాప్‌టాప్ బ్యాటరీ మీద వేస్తే, వంటింట్లోంచి మా అమ్మ "ఎవర్రా ఈ వేళప్పుడు, బోదురు కప్పనేమైనా ఇంట్లోకి తెచ్చారా" అంది.

అదే పద్ధతిలో నీటి అయాన్ల అసలు అల వినాలనుకుంటే జాగ్రత్త. 585 సెకన్ల అల పది వేల రెట్లు పెంచినా 17 హెర్ట్జే, మన చెవికి అందదు. ఏమీ వినబడక మళ్లీ తోకచుక్కను అనుమానించకండి. లక్ష రెట్లు పెంచితే 170 హెర్ట్జ్‌కి వస్తుంది, అప్పుడు రోజంతా ఒక్క సెకను లోపే అయిపోతుంది. కనీసం వారం రోజుల ఫైళ్లు వరసగా అతికించుకుని, ఫోన్ స్పీకర్‌లో కాకుండా ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి.